లగ్గానికి పెద్ద కెమెరా, బడికి చిన్న కెమెరా



హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి భోపాల్‌పట్నం దాకా వచ్చి ఆగిపోతుంది. నిజామాబాద్, మంచిర్యాల, సిరొంచ దాటి, తిమేడ్ దగ్గర ఇంద్రావతి వంతెన ఎక్కి వచ్చే 63వ నంబరు రహదారి ఇదే ఊరి మీదుగా బీజాపూర్, జగదల్‌పూర్ల వైపు సాగిపోతుంది. కాగితాల మీద ఇది ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా. బజార్లోకి వస్తే హిందీతో పాటు తెలుగు, పల్లెల నుంచి వచ్చినవాళ్ళ నోట దోర్లీ, గోండి వినిపిస్తాయి. చుట్టరికాలు గోదావరికి అవతల, ఆఫీసు పనులు బీజాపూర్‌లో. ఇక్కడి కుర్రాడెవరైనా కెమెరా కొనాలనుకుంటే అటు వరంగల్, హైదరాబాద్ అయినా వెళ్ళాలి, ఇటు జగదల్‌పూర్, రాయపూర్ అయినా వెళ్ళాలి. అంత దూరం వెళ్ళి కొన్న వస్తువు పనికి రాకపోతే మార్చుకోవడానికి మళ్ళీ బస్సెక్కడం అంటే ఒక రోజు కూలి పోయినట్టే. అందుకని, జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరానా, మెడలో వేసుకునే డీఎస్‌ఎల్‌ఆర్‌నా అనేది ఇంటి దగ్గరే తేల్చుకుని బయలుదేరడం మేలు.

భోపాల్‌పట్నం ఉన్న ఈ బస్తర్ ప్రాంతానికి కెమెరా కొత్తది కాదు. దాన్ని పట్టుకున్న చేతులే చాలాకాలం బయటివి. 1927 నుంచి 1931 దాకా బస్తర్ సంస్థానానికి అడ్మినిస్ట్రేటర్‌గా ఉన్న గ్రిగ్‌సన్ ఇక్కడి మాడియా గోండుల మీద రాసిన పుస్తకం 1938లో ఫొటోలతో సహా అచ్చయింది. వెరియర్ ఎల్విన్ మురియాల ఘోటుల్ మీద, అంటే వాళ్ళ యువతీయువకుల ఉమ్మడి ఇంటి మీద, రాసిన పెద్ద గ్రంథం 1947లో వచ్చింది, దాన్నిండా ఫొటోలే. ఆ తరువాత స్వీడన్ నుంచి ఆర్నె సుక్స్‌డార్ఫ్ అనే దర్శకుడు నారాయణపూర్ దగ్గరి గఢ్‌బెంగాల్ గ్రామానికి వచ్చి, చెంద్రూ అనే పిల్లవాణ్ణీ అతని పులినీ పెట్టి సినిమా తీశాడు. అది 1957లో విడుదలైంది. స్టిల్ ఫొటోలు తీసిన ఆస్ట్రిడ్, ఆ దర్శకుడి భార్య, వాటితో ఒక పుస్తకమే వేసింది. చెంద్రూ ముఖం యూరప్ ఇళ్ళలోని ఎంతోమంది పిల్లలకు తెలిసింది. ఆ చెంద్రూ మండావి 2013లో, సొంత ఊరి బతుకులోనే, పేదవాడిగా కన్నుమూశాడు. లోకమంతా తిరిగిన ఆ ఫొటోల్లో అతను తీసింది ఒక్కటీ లేదు.

కెమెరా ఇక్కడివాళ్ళ చేతికి రావడానికి డిజిటల్ కాలం రావలసి వచ్చింది. రీలు కెమెరా ఉన్నన్నాళ్ళూ 36 ఫొటోలు అయిపోయేదాకా ఆగాలి, కడిగించడానికి పట్నం పంపాలి, అందులో ఎన్ని చెడిపోయాయో తెలిసేసరికి పెళ్ళికూతురు అత్తవారింటికి వెళ్ళి నెల దాటిపోయేది.

డిజిటల్ కెమెరాకు మూలపురుషుడు కోడక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్. 1975లో ఆయన తయారు చేసిన పెట్టె బరువు 3.6 కిలోలు. ఒక నలుపు తెలుపు బొమ్మ క్యాసెట్ మీదకు ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. బొమ్మలో ఉన్న చుక్కలు పది వేలు, అంటే ఇప్పటి లెక్కలో మెగాపిక్సెల్‌లో నూరో వంతు. డీఎస్‌ఎల్‌ఆర్ అనేది మొదట్లో పత్రికాఫీసులు మాత్రమే భరించగలిగిన వస్తువు. 2003లో కానన్ కంపెనీ 300డి మోడల్‌ను వెయ్యి డాలర్ల లోపు అమ్మకానికి పెట్టాక, మరుసటి ఏడాది నికాన్ డి70తో పోటీకి దిగాక, ఊరి స్టూడియోవాడికి కూడా ఆశ పుట్టింది. అప్పటి నుంచి దాదాపు పదేళ్ళ పాటు పెద్దదా, చిన్నదా అనే వాదన జోరుగా సాగింది.

ఆ వాదనలో ఎక్కువ గొడవ మెగాపిక్సెల్ మీద జరిగేది. అది అనవసరపు గొడవ. దరఖాస్తుకు అంటించే పాస్‌పోర్టు ఫొటోకు పావు మెగాపిక్సెల్ కూడా అక్కరలేదు. నాలుగంగుళాలు, ఆరంగుళాల ప్రింటుకు రెండు మెగాపిక్సెల్ పైన కాస్త చాలు. గోడ మీద వేలాడదీసే 12 బై 18 ప్రింటుకు, అదీ దగ్గర నుంచి చూసినా చెక్కు చెదరకుండా ఉండాలంటే, 20 దాకా కావాలి. సోనీ డబ్ల్యూ800 అనే చిన్న కెమెరాలో 20 ఉన్నాయి, నికాన్ డి3500 అనే పెద్ద కెమెరాలో 24 ఉన్నాయి. డబ్బా మీద అంకెలు చూసి రెండూ ఇంచుమించు ఒకటే అనుకునేవాళ్ళు చాలామంది. అసలు తేడా ఆ చుక్కలు కూర్చున్న పలక విస్తీర్ణంలో ఉంది.

ఆ పలకే సెన్సర్. మామూలు చిన్న కెమెరాలో అది సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడుగు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు. నికాన్ డి3500లో 23.5 పొడుగు, 15.6 వెడల్పు. వైశాల్యం లెక్కేస్తే పెద్దది చిన్నదానికి 13 రెట్లు. ఇప్పచెట్టు కింద పరిచిన గుడ్డ ఎంత పెద్దదైతే తెల్లారేసరికి అంత ఎక్కువ పువ్వు చేతికొస్తుందని ఇక్కడివాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. వెలుతురూ అంతే. మిట్టమధ్యాహ్నం వెలుతురు ధారగా పడుతున్నప్పుడు చిన్న పలక కూడా నిండిపోతుంది కాబట్టి తేడా కనిపించదు. చీకటి పడ్డాక కనిపిస్తుంది.

చీకటి పడ్డాక అంటే లగ్గం వేళ.

మామిడి, నేరేడు కొమ్మలతో కప్పిన పచ్చని పందిరి, రెండు మూడు ట్యూబులైట్లు, అర్ధరాత్రి ముహూర్తం. కరెంటు ఊగిసలాడితే జనరేటర్. ఇలాంటి చోట చిన్న కెమెరాతో జూమ్ చేసి పుస్తె కట్టే దృశ్యం తీయబోతే ఏమవుతుందో చూద్దాం. డబ్ల్యూ800 లెన్సు పూర్తిగా జూమ్ చేసినప్పుడు ఎఫ్ 6.4 దగ్గరికి మూసుకుపోతుంది; ఈ ఎఫ్ అంకె ఎంత పెద్దదైతే లోపలికి వచ్చే వెలుతురు అంత తక్కువ. వెలుతురు చాలక అది షట్టర్‌ను సెకనులో పదో వంతో, ఇంకా ఎక్కువో తెరిచి ఉంచుతుంది. ఆ లోపల పెళ్ళికొడుకు చేతులు ఒక ముడి వేసి రెండో ముడికి వెళ్ళిపోతాయి. ఫొటోలో చేతుల స్థానంలో పొగ లాంటిదేదో కనిపిస్తుంది. ఫోకస్ కోసం లెన్సు ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. బటన్ నొక్కాక కూడా ఒక క్షణం ఆలోచించి గానీ ఫొటో తీయదు. మూడో ముడి తీసేది ఆ ఆలోచన పూర్తయ్యాకే!

డీఎస్‌ఎల్‌ఆర్‌లో లోపల ఒక అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చే వెలుతురును అది పైకి మళ్ళించి కంటికి చూపిస్తుంది. కొంత వెలుతురు అద్దం వెనక నుంచి కిందికి దిగి, ఫోకస్ కోసమే ప్రత్యేకంగా పెట్టిన మరో సెన్సర్ మీద పడుతుంది. ఎటు ఎంత తిప్పాలో ఆ సెన్సర్‌కు ముందే తెలుసు కాబట్టి వెతుకులాట తక్కువ. బటన్ నొక్కగానే అద్దం టక్కున పైకి లేస్తుంది, ఫొటో పడుతుంది. రేడియోలో వినిపించగలిగిన కెమెరా విశేషం ఏదైనా ఉంటే ఆ టక్కు ఒక్కటే.

కానీ పెద్ద కెమెరా కొనేవాళ్ళు సాధారణంగా చేసే తప్పు ఇక్కడే. శరీరం కొంటారు, దాంతో పాటు డబ్బాలో వచ్చిన కిట్ లెన్సుతోనే సరిపెడతారు. ఆ 18–55 లెన్సు జూమ్ చేసినప్పుడు ఎఫ్ 5.6. దాని బదులు అన్ని లెన్సుల్లోకీ చవకైన 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు పెడితే లోపలికి వచ్చే వెలుతురు దాదాపు పది రెట్లు పెరుగుతుంది. కిట్ లెన్సుతో ఐఎస్‌ఓను, అంటే వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయిని, 16,000 దాకా పెంచి చెంపల మీద ఇసుక చల్లినట్టు నాయిస్ తెచ్చుకునే చోట, ఈ చిన్న లెన్సుతో 1,600 చాలు. కానన్ వాళ్ళ పాత 50 లెన్సు బరువు 130 గ్రాములే. జూమ్ ఉండదు, ఫొటోగ్రాఫరే నడిచి దగ్గరికి వెళ్ళాలి. పెళ్ళి పందిట్లో పంతులుగారి పక్కన మోకాళ్ళ మీద కూర్చునే హక్కు ఎలాగూ ఫొటోగ్రాఫర్‌కే ఉంది కదా.

ఫ్లాష్ సంగతి ఇంకొకటి. చిన్న కెమెరా ఫ్లాష్ మూడు మీటర్లు దాటితే తేలిపోతుంది. దగ్గర నుంచి కొడితే నుదుటి మీద బాసికం మెరిసి ముఖం తెల్లబోతుంది. పెద్ద కెమెరా నెత్తిన విడిగా పెట్టుకునే ఫ్లాష్‌ను పైకి తిప్పి కొట్టొచ్చు. కల్యాణమండపంలో తెల్ల సీలింగుకు తగిలి మెత్తగా దిగుతుంది. పచ్చని పందిట్లో ఆ పప్పు ఉడకదు. ఆకులు వెలుతురును మింగేస్తాయి, మిగిలిన కాస్త ఆకుపచ్చగా ముఖాల మీద పడుతుంది. షామియానా ఎర్రదైతే అందరూ జ్వరం వచ్చినట్టు కనిపిస్తారు. తెలిసినవాళ్ళు ఒక తెల్ల అట్టముక్కను రబ్బరు బ్యాండుతో ఫ్లాష్ వెనక కట్టి, దాన్నుంచి వెలుతురును ముందుకు మళ్ళిస్తారు. శుభలేఖ వెనక వైపు తెల్లగా ఉంటే అదీ పనికొస్తుంది. పెళ్ళివారింట శుభలేఖలకు కొదవా!

ఇదంతా విని చిన్న కెమెరా దండగ అనుకుంటే పొరపాటు. అసలు ఎంతమంది అర్ధరాత్రి పందిట్లో ఫొటోలు తీస్తారు? ఒక ప్రాథమిక పాఠశాల టీచరును తీసుకోండి. పిల్లల మధ్యాహ్న భోజనం, ఆగస్టు 15 జెండా వందనం, వానకు కారిన బడి కప్పు, ఇవన్నీ ఆయన పగటిపూట తీయవలసినవే. వాటిలో ముందున్న పిల్లవాడి నుంచి వెనక గోడ మీది రాత దాకా అన్నీ స్పష్టంగా ఉండాలి. చిన్న సెన్సర్‌కు ఉన్న ఒక లక్షణం ఇక్కడ వరమవుతుంది: దగ్గరిదీ దూరానిదీ దాదాపు అంతా ఫోకస్‌లోనే ఉంటుంది. పెద్ద కెమెరాను ఎఫ్ 1.8లో పెట్టి మూడు వరసల పిల్లలను తీస్తే ముందు వరస ఒక్కటే బాగా వచ్చి, వెనక వరస పిల్లల తల్లులు తగువుకొస్తారు. నేల మీది పురుగునో, చింతపువ్వునో అరచేతి దూరంలోంచి తీయాలన్నా చిన్నదే సులువు. పెద్దదానికి అందుకోసం మాక్రో లెన్సు వేరే కొనాలి.

బరువు మాట సరేసరి. డబ్ల్యూ800 బ్యాటరీతో సహా పావు కిలోలో సగం. డి3500 శరీరమే బ్యాటరీతో కలిపి 400 గ్రాములు దాటుతుంది. లెన్సులు, ఫ్లాష్, సంచీ కలిపితే బైకు మీద వెనక కూర్చున్నవాళ్ళ ఒళ్ళో ఒక చంటిపిల్ల ఉన్నట్టే. అయితే కరెంటు విషయంలో జనం అనుకునేదానికి విరుద్ధంగా ఉంటుంది. పెద్ద కెమెరా ఎక్కువ బ్యాటరీ తాగుతుందనుకుంటారు. నిజానికి డి3500 ఒక్క చార్జింగుతో 1,550 ఫొటోలు తీస్తుందని తయారీదారుల ప్రామాణిక లెక్క, చిన్న కెమెరాలు 200 దగ్గరే చతికిలబడతాయి. అద్దంలో చూసి తీసేదానికి వెనక తెర వెలిగించి ఉంచవలసిన పని లేదు, కారణం అదే. చిన్నవాటిలో మాత్రం కానన్ ఏ సిరీస్ పాత మోడళ్ళు రెండు పెన్సిల్ సెల్‌లతో నడిచేవి. గోడగడియారానికీ టార్చికీ వేసే సెల్‌లే కాబట్టి ఏ కిరాణా కొట్టులోనైనా దొరికేవి. కరెంటు నమ్మకం లేని ఊళ్ళకు అంతకంటె మంచి ఏర్పాటును ఏ కంపెనీ మళ్ళీ చేయలేదు.

మరో కోణం ఉంది, అది సాంకేతికం కాదు. బీజాపూర్ జిల్లాలో ఏళ్ళ తరబడి మావోయిస్టులకూ భద్రతా బలగాలకూ మధ్య సాయుధ సంఘర్షణ నడిచింది. ఇలాంటి చోట పెద్ద లెన్సు మెడలో వేసుకుని అడవి దారిన వెళ్ళేవాణ్ణి ఎవరైనా ఆపి, ఎవరు నువ్వు, ఎందుకొచ్చావని అడుగుతారు. పరికరాలు మోసుకొచ్చేవాళ్ళ మీద ఈ నేలకు అనుమానం ఈనాటిది కాదు. 1795లో సర్వే కోసం వచ్చిన ఈస్టిండియా కంపెనీ అధికారి కెప్టెన్ బ్లంట్‌ను బస్తర్‌లోకి అడుగు పెట్టనీయకుండా గోండులు అడ్డుకున్నది ఈ భోపాల్‌పట్నం ప్రాంతంలోనే. అనుమానం లేని చోట కూడా, సంతలో పెద్ద కెమెరా ఎత్తగానే మనుషులు బిగుసుకుపోతారు, కొందరు ముఖం తిప్పుకుంటారు. చిన్న కెమెరా ముందు మాట సాగుతూనే ఉంటుంది. అడిగి తీయడం రెండింటికీ ఒకటే మర్యాద. తీశాక వెనక తెర మీద చూపిస్తే ఇంకో పదిమంది మా ఫొటో తీయమని వస్తారు.

ఇంద్రావతి అవతలి ఒడ్డు కనిపించే చోట నిలబడితే ఇంకో ఆశ పుడుతుంది, జంతువుల ఫొటోలు. 1983 నుంచి టైగర్ రిజర్వ్‌గా ఉన్న ఇంద్రావతి జాతీయ ఉద్యానం ఈ జిల్లాలోదే. అడవి గేదెలకు పేరు. చెట్టు చిటారుకొమ్మ మీది కొండ గోరింకను, అదే ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి, తీయాలంటే డీఎస్‌ఎల్‌ఆర్‌కు కనీసం 300 మిల్లీమీటర్ల లెన్సు కావాలి. నికాన్ డి3500 లాంటి దానిలో అది 450తో సమానంగా పనిచేస్తుంది. నికాన్ పి900 అనే కెమెరాకు లెన్సు ఊడదు, లోపల ఉన్నది చిన్న సెన్సరే. కానీ దాని జూమ్ 83 రెట్లు, 2,000 మిల్లీమీటర్లకు సమానం, బరువు 900 గ్రాముల లోపు. డీఎస్‌ఎల్‌ఆర్‌తో అంత దూరం అందుకోవాలంటే కొనవలసిన లెన్సు ఖరీదుకు ట్రాక్టరు బయానా ఇవ్వొచ్చు. పొద్దున ఎండలో కొమ్మ మీద కదలకుండా కూర్చున్న పిట్టకు పి900 చక్కగా సరిపోతుంది. ఎగిరే పిట్టకూ, టేకుచెట్ల నీడలో కదిలే జంతువుకూ చాలదు.

అడవిలో అసలు పని చేసే కెమెరాలు మాత్రం వేరే ఉన్నాయి. చెట్టు మొదలుకు కట్టి వదిలేసే కెమెరా ట్రాప్‌లు లోపల చిన్న కెమెరా జాతివే, సెన్సర్ చిన్నది, లెన్సు చిన్నది. 2018 నాటి దేశవ్యాప్త పులుల లెక్కింపులో వాటిని 26,838 చోట్ల పెట్టారు. 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫొటోలు వచ్చాయి, అందులో పులులవి 76,651. ఆ సర్వే గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. పులి నడిచే దారి తెలిసినవాడి చేతిలో చవక కెమెరా కూడా పులినే పట్టుకుంటుంది.

ఇంతకీ చేతిలో ఫోన్ ఉండగా ఈ రెండింటిలో ఏదైనా ఎందుకని అడిగేవాళ్ళు ఉంటారు. సబబైన ప్రశ్నే. 2010లో జపాన్ కంపెనీలు లోకమంతటికీ 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు పంపాయి. 2020లో ఆ సంఖ్య 90 లక్షలను కూడా అందుకోలేదు. ఫోన్ మొదట మింగింది చిన్న కెమెరానే. డీఎస్‌ఎల్‌ఆర్‌ను అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు వెనక్కి నెట్టాయి. తమ అగ్రశ్రేణి డీఎస్‌ఎల్‌ఆర్‌లలో 1డీఎక్స్ మార్క్ 3యే ఆఖరిదని కానన్ 2021 చివర్లో చెప్పేసింది. నికాన్ డి3500 తయారీ ఆగిపోయింది. టీచరుగారి బడి ఫొటోలకు ఇవాళ మంచి ఫోన్ చాలు, ఫోన్ లేనప్పుడో, జూమ్ కావాలన్నప్పుడో చిన్న కెమెరా. పెళ్ళిళ్ళు తీసి సంపాదించాలనుకునే కుర్రాడికి మాత్రం ఫోన్ చాలదు, మిర్రర్‌లెస్‌కు డబ్బు చాలదు. అతనికి ఈ ప్రసంగం సలహా సెకండ్‌హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్, దాంతో ఆ 50 లెన్సు, విడి ఫ్లాష్. పట్నాల్లో ఫొటోగ్రాఫర్లు మిర్రర్‌లెస్‌కు మారుతూ పాత శరీరాలను వదిలించుకుంటున్నారు, కాబట్టి బేరానికి ఇదే అదను.

కొనే ముందు లెన్సు విప్పి, ఫోన్ టార్చి ఒక పక్క నుంచి వేసి, రెండో పక్క నుంచి లోపలికి చూడాలి. సాలెగూడు దారాల్లాంటి తెల్లటి తీగలు కనిపిస్తే అది ఫంగస్. ఎంత తక్కువకిచ్చినా వద్దు. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగాలి. ఆరంభస్థాయి శరీరాలకు లక్ష దెబ్బల దాకా భరోసా ఉంటుంది, ఒక పెళ్ళి సీజన్‌లోనే ముప్పై వేలు తీసేవాళ్ళున్నారు. నికాన్ అయితే అప్పటికప్పుడు తీసిన ఫొటో ఫైలులోనే ఆ లెక్క దొరుకుతుంది, కానన్‌కు వేరే సాఫ్ట్‌వేర్ కావాలి. లెన్సును ఎఫ్ 16లో పెట్టి ఆకాశాన్ని ఒక ఫొటో తీసి, పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీది దుమ్ము నల్లచుక్కలుగా బయటపడుతుంది. దుమ్ము కడిగించుకోవచ్చు, గీత పడితే కుదరదు. చిన్న కెమెరా అయితే లెన్సును పదిసార్లు లోపలికీ బయటికీ పంపి చూడాలి. జూమ్ గొట్టంలో ఇసుక చేరితే గరగరమంటుంది, దాన్ని బాగుచేయించే ఖర్చుతో ఇంకోటి వస్తుంది.

ఆషాఢం వస్తే ఇక్కడి గాలిలో తేమ గోడలకే బూజు పట్టిస్తుంది, లెన్సు గాజుకు పట్టించడం దానికొక లెక్కా? కెమెరాను తోలు సంచీలో, బీరువాలో దాచడం ఆ బూజుకు అన్నం పెట్టడమే. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, ఆ గుళికల రంగు మారినప్పుడల్లా వేడి చేసి ఆరబెట్టి మళ్ళీ వేయాలి. బియ్యం డబ్బాలో పెట్టమనే సలహా వినవద్దు, తవుడంతా లెన్సు సందుల్లోకి పోతుంది. ఎర్రమట్టి దారిలో లెన్సు మార్చవలసి వస్తే గాలికి వీపు పెట్టి, కెమెరా నోరు నేలవైపు ఉంచి మార్చాలి. పడ్డ దుమ్మును నోటితో ఊదితే తుంపర్లు పడతాయి, రబ్బరు బుడ్డితోనే ఊదాలి. ఆ రబ్బరు బుడ్డి, నాలుగు సిలికా పొట్లాలు కూడా కెమెరా కొన్న షాపులోనే తెచ్చుకుంటే, వాటి కోసం మళ్ళీ గోదావరి దాటే పని ఉండదు.